ఒకే పేరు పెట్టిన రెండు వరుసలు

తెయోదుల్ఫో సలార్దాను మా కాలేజీలో పూర్తి పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. చిన్నవాళ్ళకి ఆయన మనోంగ్ దుల్ఫో, అంటే దుల్ఫో అన్న. పెద్దవాళ్ళకి ఒట్టి దుల్ఫో. లా పాస్ బజారు వెనక జీప్‌నీలు, అంటే జీపు లాంటి చిన్న బస్సులు, బాగుచేసే మెకానిక్‌కి నాలుగో కొడుకు. మా ఇలోయిలో నగరపు రేడియో స్టేషన్‌లో పదేళ్ళు వైర్లు అతికి, తర్వాత మా లైబ్రరీ పైఅంతస్తులో ఉన్న రికార్డుల గదికి వచ్చాడు. కంప్యూటర్ల చదువంటూ ఏదీ చదవలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నాడు. భుజం మీద తువ్వాలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

ఆ గదిలో మేం చేసే పని, కొండల మీది ముసలివాళ్ళు పాడే పొడుగాటి కథాగానాలను రికార్డు చేసి దాచడం. ఒక్కో కథ పాడడానికి రోజులు పడుతుంది. వాళ్ళతో పాటే ఆ పాటలు కూడా పోతున్నాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, మాట మాట టైపు చేయడం నా పని. నా పేరు సాల్వా. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ.

గదిలో అందరం ఒకే లాగిన్‌తో పని చేసేవాళ్ళం. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, కమాండ్ టైపు చేస్తే పని. ఇంగ్లీషు ముక్కలతో మేం తడబడుతుంటే చూడలేక దుల్ఫో ఆ కమాండ్లకు మా భాషలో పేర్లు పెట్టాడు. చూడు అంటే ఫైళ్ళ పట్టీ వచ్చేది. వెతుకు అంటే వెతికేది. ‘తగో’, అంటే దాచు, అని కొడితే ఫైలును కాపీ చేసేది. ఇలా ఒక కమాండ్‌కి ఇంకో పేరు తగిలిస్తే దాన్ని ఏలియాస్ అంటారని ఆయనే చెప్పాడు. తగో అనేది సీపీ అనే కమాండ్‌కి మారుపేరు, అంతే. ఈ పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. మేం కమాండ్లు కొట్టే ఆ నల్ల తెరనే షెల్ అంటారు, అది తెరిచినప్పుడల్లా ఆ ఫైలు మొదటి వరుస నుంచి చివరిదాకా చదువుకుంటుంది. పన్నెండేళ్ళలో అది ఎనిమిది వందల వరుసలైంది. ఆ ఫైలంటే ఆయనకెంత గర్వమో! వచ్చిన అతిథులకి పాటలు వినిపించే ముందు దాన్నే చూపించేవాడు.

“మన మాట వినే మిషన్ మనీలాలో కూడా లేదు తెలుసా” అనేవాడు.

నిమ్ఫా కతిగాన్ మా దగ్గర చేరేటప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. కలినోగ్ పైన కొండల్లోని అమ్మాయి. అపోయ్ సెరాపియా అనే గాయనికి స్వయానా మనవరాలు. అపోయ్ అంటే వాళ్ళకి తాత అయినా అమ్మమ్మ అయినా. ఆ ముసలావిడ బయటివాళ్ళు వస్తే మొహం తిప్పేసుకునేది, మైకు చూస్తే నోరు మూసుకునేది. నిమ్ఫా రికార్డర్ పట్టుకెళ్తే మాత్రం పాడేది. అందుకని నిమ్ఫాను తీసుకున్నాం. కానీ ఆమె పని త్వరగా పట్టేసింది. ఆరు నెలలు తిరిగేసరికి మారుపేర్లు వదిలేసి అసలు కమాండ్లే కొట్టేది.

“ఇందాయ్, నేను ఇంత కష్టపడి పేర్లు పెట్టింది నీకోసం కాదా?” అని దుల్ఫో వేళాకోళం చేసేవాడు. ఇందాయ్ అంటే చెల్లీ, అమ్మాయీ అని.

“నువ్వు మాత్రం వాడుతున్నావా? నీ లాగిన్‌లో ఆ ఫైలే లేదు. నువ్వు వండింది నువ్వు తినవు, మాకు మాత్రం వడ్డిస్తావు” అనేది ఆమె.

ఆయన పగలబడి నవ్వేవాడు. నిజంగానే ఆయన సొంత లాగిన్ వేరు, అందులో ఈ పేర్లేమీ ఉండవు.

ఆ ఏడు మార్చిలో నిమ్ఫానే ఒక కోరిక కోరింది. నేను టైపు చేసిన కాగితాల ఫైళ్ళు తగో కొడితే కాపీ అవుతున్నాయి గానీ, పాతవి పాతచోటే మిగిలిపోయి ఏది కొత్తదో తెలియడం లేదు. ఆ రోజు తేదీతో ఒక ఫోల్డర్ తయారై, ఫైలు అందులోకి చేరి, ఆ తర్వాత పాతచోట చెరిగిపోతే బాగుంటుంది అంది. ఇది ఒట్టి మారుపేరుతో అయ్యే పని కాదు. నాలుగైదు వరుసలు ఒకే పేరు కింద కలిపి, ఫంక్షన్ అనేదాన్ని రాయాలి. దుల్ఫో మధ్యాహ్నం బచోయ్ నూడుల్స్ సూపు తాగొచ్చి, తువ్వాలుతో చెమట తుడుచుకుని, ఫైలు చివరికెళ్ళి తగో అనే పేరుతోనే ఫంక్షన్ రాశాడు. కాపీ త్వరగా అవుతుందని అందులో సీపీ బదులు వేరే కమాండ్ వాడాడు. మా లాగిన్‌లోనే తగో కొట్టి చూశాడు. ఫోల్డర్ తయారైంది, ఫైలు చేరింది, పాతది పోయింది.

“ఒక్కసారికే కుదిరింది చూశారా!” అన్నాడు.

పన్నెండేళ్ళ కిందట ఫైలు మొదట్లో రాసిన మారుపేరు ఆయనకి గుర్తు రాలేదు. దాన్ని తీసేయలేదు.

తర్వాతి వారం నిమ్ఫా కొండ మీద నుంచి మూడు మెమరీ కార్డులు తెచ్చింది. అపోయ్ సెరాపియా వరసగా మూడు రోజులు పాడింది. ఎవరికీ పాడని భాగం, తన తల్లి దగ్గర తప్ప ఇంకెక్కడా వినని భాగం. పాడటం అయ్యాక, “ఇంక పెట్టెలోకెక్కింది కదా, నాకు బరువు దిగింది” అని పడుకుందట. ఈ మాట నిమ్ఫా నాకు చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

రోజుకొక కార్డు. ఒక్కో కార్డులో ఒక్కటే పొడుగాటి ఫైలు. రికార్డర్ తనంతట తాను పెట్టే పేరు కాబట్టి మూడింటికీ ఒకటే పేరు. అందుకే నిమ్ఫా ఒకటో రోజు, రెండో రోజు, మూడో రోజు అని మూడు ఫోల్డర్లు చేసి, కార్డులోది కార్డులోనే ఉండాలని తగో వాడకుండా సీపీ కొట్టింది. మూడు కార్డులకి మూడు వరుసలు. ఏ తప్పూ తెర మీద కనబడలేదు. ఇంతలో ఊరి నుంచి ఫోను, అమ్మమ్మకి ఊపిరి అందడం లేదని. కలినోగ్ బస్సు పదకొండున్నరకి. కార్డులు సంచిలో వేసుకుని పరుగెత్తింది.

ముసలావిడ రెండో నాడు పోయింది. తొమ్మిది రోజులు జాగారం. ఊళ్ళోని ముసలివాళ్ళంతా వచ్చి శవం దగ్గర పాడారు. పని తెలిసిన మనిషి కాబట్టి, దుఃఖంలో కూడా నిమ్ఫా అవన్నీ ఆ కార్డులలోకే ఎక్కించింది. ఎక్కించేటప్పుడు కార్డులు ఖాళీగా కనిపిస్తే, కాపీ అయ్యాక హడావిడిలో తానే చెరిపేసి ఉంటాననుకుంది.

తిరిగొచ్చి చూస్తే మూడు ఫోల్డర్లూ ఖాళీ. ఆ రోజు తేదీతో ఒక ఫోల్డర్ ఉంది. అందులో ఒకే ఒక్క ఫైలు, మూడో రోజు పాట. మొదటి రెండు రోజులవి ఎక్కడా లేవు. దుల్ఫో కార్డులు తీసుకెళ్ళి రెండు రోజులు తవ్వాడు. వాటిమీద జాగారం పాటలు ఎక్కేశాయి, అడుగున ఏమీ మిగల్లేదు.

“కాపీ చేశాను మనోంగ్. మూడూ చేశాను” అంది నిమ్ఫా.

“చేసి ఫోల్డర్ తెరిచి చూశావా?”

“లేదు. బస్సు పోతోందని...”

“మరి?”

“సీపీ కొట్టాను. మూడుసార్లు కొట్టాను. అది గుర్తుంది నాకు.”

“ఇందాయ్, సీపీ పుట్టినప్పటి నుంచి ఉన్నది ఉన్నచోట ఉంచి ఇంకోటి చేయడమే దాని పని. అసలుదాన్ని చెరపదు. చెరపడం దానికి రాదు. మనిషికే వచ్చు” అన్నాడు దుల్ఫో. గొంతు పెంచలేదు. మా ఇలోయిలో వాళ్ళు కోపంలో కూడా పాడినట్టే మాట్లాడతారు, దానివల్ల మాట ఇంకా లోతుగా దిగుతుంది.

“ఒక్కసారి నా కుర్చీలో కూర్చుని కొట్టి చూడు మనోంగ్. ఒక్కసారి.”

“చూశాను. నా దగ్గర బాగానే ఉంది.”

నిజమే, చూశాడు. తన లాగిన్‌లో. అక్కడ ఆ ఫైలు లేదు. అక్కడ సీపీ సీపీనే.

డైరెక్టర్ మేడం నన్ను కూడా పిలిచి అడిగింది. నిమ్ఫా బల్ల నా పక్కదే. ఆ పొద్దున ఆమె కార్డు మార్చడం, కొట్టడం, మళ్ళీ మార్చడం నేను కంటి కొసతో చూశాను. “హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉన్నానండీ, సరిగా గమనించలేదు” అన్నాను. అబద్ధం అనలేను. కానీ నిజం మొత్తం చెప్పలేదు. దుల్ఫోకి ఎదురు చెప్పినట్టవుతుందని భయపడ్డానో, లేక నేనూ నమ్మేశానో, ఇప్పటికీ నాకే తెలియదు.

దుల్ఫో అర పేజీ రిపోర్టు రాశాడు. కమాండ్లలో దోషం లేదు, కాపీ చేయకముందే కార్డులు చెరిపేశారు అని. ఆ రోజు నుంచి గదిలో ఎవరూ చేత్తో సీపీ కొట్టకూడదని, తగో ఒక్కటే వాడాలని, కార్డుల పని తాను మాత్రమే తన లాగిన్‌లో చేస్తానని రూలు పెట్టాడు. అందరం మంచి జాగ్రత్త అనుకున్నాం. ఆ రూలు వల్లే మూడేళ్ళపాటు ఇంకెవరికీ ఆ దెబ్బ తగల్లేదు, అసలు సంగతి బయటికీ రాలేదు.

నిమ్ఫాను ఎవరూ పొమ్మనలేదు. మూడు వారాలు వచ్చింది. ఎవరితోనూ కలిసి తినడం మానేసింది. ఒక సోమవారం రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. కేటలాగులో ఆ గానం పక్కన ‘సిబ్బంది నిర్లక్ష్యం వల్ల రెండు భాగాలు నష్టం’ అని పడింది. టైపు చేసింది నేనే.

మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం కొత్త మిషన్ వచ్చింది. దుల్ఫో పాత మిషన్‌లోని ఫైలును సర్దుకుంటున్నాడు. తగో కొడితే ఏ ఫైలు ఎక్కడికి వెళ్తోందో తెర మీద కనిపిస్తే బాగుండునని నేనే అన్నాను. ఫైలు మొదట్లో తగో అనే మారుపేరు కనబడింది. “ఇదింకా ఉందా!” అని, దానిలో సీపీ పక్కన, చేస్తున్న పని పైకి చెప్పమనే చిన్న గుర్తు ఒకటి చేర్చి, షెల్ మళ్ళీ తెరిచాడు.

షెల్ ఒప్పుకోలేదు. ఎనిమిది వందల పన్నెండో వరుసలో, బ్రాకెట్ దగ్గర తప్పుందని ఫిర్యాదు చేసింది. ఆ వరుసలో ఉన్నది తగో ఫంక్షన్ మొదలు. మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోని వరుస. ఆయన దాన్ని అక్షరం అక్షరం చదివాడు. తప్పేం లేదు. చేర్చిన గుర్తు తీసేశాడు. ఫిర్యాదు పోయింది. మళ్ళీ చేర్చాడు. మళ్ళీ వచ్చింది.

“మొదటి వరుసలో గోకితే ఎనిమిది వందల వరుసల కింద నొప్పేంటి సాల్వా?” అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. ఏదైనా పేరు ఇస్తే అది అసలు ఏమిటో చెప్పే కమాండ్ ఒకటుంది. తగో అంటే ఏమిటని అడిగాడు. సీపీకి మారుపేరు అని చెప్పింది. ఫంక్షన్ అని చెప్పాల్సింది. గుర్తు తీసేసి, పాత స్థితికి తెచ్చి, మెల్లగా ఇంకో ప్రశ్న కొట్టాడు. సీపీ అంటే ఏమిటి?

‘సీపీ ఒక ఫంక్షన్’ అంది మిషన్. కింద ఆయన రాసిన వరుసలన్నీ అచ్చయ్యాయి. తేదీ ఫోల్డర్ చేయి, మొదటి ఫైలును అందులో పెట్టు, పాతచోట చెరిపెయ్.

నేను హెడ్‌ఫోన్ తీసి చూశాను. ఆయన తువ్వాలు మొహం మీద వేసుకుని కూర్చున్నాడు.

“ఏమైంది మనోంగ్?”

“ఆ పిల్ల మూడుసార్లూ సీపీనే కొట్టింది” అన్నాడు తువ్వాలు కింద నుంచి.

తర్వాత కాగితం మీద వేసి చూపించాడు. షెల్ ఒక వరుస చదివేటప్పుడు, మొదటి మాట మారుపేరైతే ముందు దాన్ని అసలు పేరుతో మార్చేసి, ఆ తర్వాత అర్థం చూస్తుంది. ఈయన తగో అనే ఫంక్షన్ అని రాస్తే, అది తగో తీసి అక్కడ సీపీ పెట్టి, సీపీ అనే ఫంక్షన్ అని చదివింది. అంటే ఆయన సీపీకే కొత్త అర్థం రాశాడు. తగో కొట్టినా అది సీపీగా మారి ఆ ఫంక్షన్‌కే చేరుతుంది కాబట్టి పరీక్షలో బాగానే కనిపించింది. నిమ్ఫా సీపీ కొట్టినప్పుడు మాత్రం, ఆమె చెప్పిన ఫోల్డర్ పట్టించుకోకుండా, ఒకే పేరున్న మూడు ఫైళ్ళనీ ఒకే చోటికి తోసి, ఒకదాని మీద ఒకటి రాసి, ప్రతిసారీ కార్డులోది చెరిపేసింది. చివరిది ఒక్కటే మిగిలింది. మారుపేరు పక్కన గుర్తు చేరేసరికి ఒక మాట రెండు మాటలైంది, ఫంక్షన్‌కి రెండు మాటల పేరు పనికిరాదు కాబట్టి షెల్ ఇన్నాళ్ళకి నోరు విప్పింది.

“దీనికి మందేంటి?” అని అడిగాను.

“పైన ఒక్క వరుస తీసేయడమే. తీసేశాను” అన్నాడు.

ఆ శనివారం ఇద్దరం కలినోగ్ బస్సెక్కాం. అక్కడి నుంచి మోటర్‌సైకిల్ మీద కొండకి. నిమ్ఫా రైతుల సంఘం షెడ్డులో అల్లం బస్తాలు తూస్తోంది. మమ్మల్ని చూసి చేతులు గౌనుకి తుడుచుకుంది. చిక్కిపోయింది.

“మనాంగ్ సాల్వా, ఇంత దూరం ఎందుకొచ్చారు? కాఫీ పెట్టనా?” అంది నాతో. మనాంగ్ అంటే అక్క. ఆయన వైపు చూడలేదు.

దుల్ఫో నిలబడే చెప్పాడు. ముందే అనుకుని వచ్చిన మాటలన్నీ తడబడి, చివరికి “నువ్వు చెరపలేదు ఇందాయ్. నేను చెరిపాను” అన్నాడు.

ఆమె తక్కెడ మీది బస్తా దించి, కాగితం ఇవ్వమంది. ఆయన పైన ఒక వరుస, కింద ఒక వరుస రాశాడు. ఆమె మర్చిపోలేదు, వెంటనే అర్థమైంది. నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వు వినడం నాకు ఇష్టం లేకపోయింది.

“ఇంతేనా? ఈ రెండు వరుసలేనా?”

“ఇంతే.”

“మొదటి ఏడాది నేను కాదని గట్టిగా ఉన్నాను మనోంగ్. రెండో ఏడాదికి నాకే అనుమానం వచ్చింది. ఇప్పుడైతే కార్డు చెరిపేసినట్టు నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. వేలు నొక్కడం కూడా గుర్తుంది. జరగనిది ఎట్లా గుర్తుంటుంది?”



“మా అమ్మకి చెప్పు ఈ మాట” అంది. మళ్ళీ తనే, “అమ్మ పోయిన ఏడు పోయిందిలే” అంది. “పోయేదాకా నాతో సరిగా మాట్లాడలేదు. అపోయ్ గొంతు పోగొట్టిందని.”

ఆమె మేనమామ ఫెదెలినో ఇంటికి తీసుకెళ్ళింది. ఊళ్ళోవాళ్ళు ఎనిమిది మంది పోగయ్యారు. దుల్ఫో చాప మీద కూర్చుని, మిషన్ల సంగతి తెలియనివాళ్ళకి తెలిసేలా చెప్పాడు. ముసలి ఫెదెలినో అంతా విని అడిగాడు.

“పెట్టె మింగిందా, నువ్వు మింగావా?”

“నేనే అయ్యా.”

“మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“తెలియలేదు.”

“వెతికావా?”

దుల్ఫో చాపలోని ఈనె ఒకటి పీకాడు. “నిమ్ఫా కుర్చీలో కూర్చుని చూస్తే పది నిమిషాల్లో తేలేది. తను అడిగింది. నేను కూర్చోలేదు” అన్నాడు.

ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్నం పెట్టారు, ఎండు చేప వేశారు. ఫెదెలినో మాత్రం తినేటప్పుడు నిమ్ఫా పక్కకి జరిగి కూర్చుని, తన పళ్ళెంలోంచి చేప తీసి ఆమెకి వేశాడు. ఆమె తల వంచుకుని తిన్నది.

బయల్దేరేటప్పుడు దుల్ఫో అడిగాడు, ఆ రెండు రోజుల పాటలో నీకు గుర్తున్నది పాడితే ఎక్కిస్తాం అని.

“సగం కూడా లేదు. ఉన్నంత మా అన్న కూతురికి నేర్పుతున్నాను. మీ పెట్టెలో మాత్రం పెట్టను” అంది. కోపంగా అనలేదు. అల్లం ఇంక కొనడం లేదు అన్నట్టు అంది.

తిరిగొచ్చాక దుల్ఫో కొత్త రిపోర్టు రాశాడు. ఈసారి నాలుగు పేజీలు. కేటలాగులో తన పేరు రాయాలని పట్టుబట్టాడు. కాలేజీ కమిటీ రెండుసార్లు కూర్చుని, పేర్లు వద్దంది. ‘సాంకేతిక కారణాల వల్ల నష్టం’ అని మార్చింది. “సాంకేతిక కారణానికి కూడా అమ్మా నాన్నా పెట్టిన పేరుంటుంది మేడం” అన్నాడట డైరెక్టర్‌తో. ఆవిడ నవ్వి ఊరుకుంది. నిమ్ఫాకి కాలేజీ ఉత్తరం రాసి, పనిలోకి రమ్మంది. ఆమె జవాబు రాయలేదు.

ఆ ఎనిమిది వందల వరుసల ఫైలును ఆయన ముక్కలు చేసి, ప్రతి పేరూ ఒక్కచోటే ఉండేలా తిరగరాశాడు. తన లాగిన్‌లో కూడా అదే పెట్టుకున్నాడు. ఎవరైనా ఇది పని చేయడం లేదంటే, ఏం చేశావని అడగడం మానేశాడు. లేచొచ్చి వాళ్ళ కుర్చీలో కూర్చునేవాడు. కొత్తవాళ్ళు ఆయన్ని చాలా ఓపికున్న మనిషని మెచ్చుకునేవారు.  నా సాక్ష్యం సంగతి ఆయనకి ఒకసారి చెప్పాను. “నువ్వు చెప్పినా నేను వినేవాణ్ణి కాదులే” అన్నాడు. అది క్షమించడమో, నిజమో.

పోయిన జూన్‌లో రిటైరై లా పాస్‌లో పెద్దన్న కొడుకుల షెడ్డులో కూర్చుంటున్నాడు. మూడో రోజు పాటను నేను ఇప్పుడే టైపు చేయడం పూర్తి చేశాను. అది మొదలయ్యేసరికే కథానాయకుడు పడవ దిగి ఉంటాడు, ఆ పడవ ఎక్కడిదో, ఎవరిచ్చారో మాకు తెలియదు. అపోయ్ సెరాపియా ఆ ముక్కను రెండో రోజు పాడింది.